హంస బొమ్మ సంచి

“సంచీ ఇలా ఇయ్యక్కా!”

సంధ్యారాణి అలా అడగడం అది మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు నూకరత్నం వినబడనట్టు పొయ్యి గట్టు తుడిచింది. రెండోసారి అడిగినప్పుడు, చుట్టాలొచ్చే వేళైంది, ముందు వంట సంగతి చూసుకోమంది. ఇక తుడవడానికి గట్టు మీద మచ్చ కూడా మిగల్లేదు.

ఇద్దరి మధ్యా స్టీలు బేసిను ఉంది. చుట్టాలొస్తున్నారు, మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటూ గంట క్రితం సంధ్యారాణి వచ్చి పట్టుకెళ్ళిన తవ్వెడు బియ్యం అందులో నీళ్ళలో ఉన్నాయి. బియ్యమంతా బుద్ధిగా అడుగున పడుకుంటే, ఓ పది పన్నెండు గింజలు మాత్రం పైకి తేలి తిరుగుతున్నాయి. సంధ్యారాణి ఒక గింజని వేలితో ముంచింది. అది మళ్ళీ లేచి వచ్చింది.

“సూడు, మళ్ళీ లేసింది. బియ్యం ఎక్కడైనా తేల్తాదేటి? ఇది ప్లాస్టిక్కక్కా! ఫోన్లో వీడియోలొస్తన్నాయి కదా, అచ్చం ఇలాగే ఉన్నాయి.”

“పొల్లు గింజలై ఉంటాయిలే. పారబోసెయ్, వేరేవి ఇస్తాను.”

“వేరేవి ఎక్కడివి? అవీ ఆ సంచిలోవే కదా!”

నూకరత్నం గుడ్డ పిండి మళ్ళీ గట్టు మీద వేసింది.

“అంతంత రేటు పెట్టి కొంటే మనకి ప్లాస్టిక్ పోస్తారేటి వాళ్ళు? పద, ఆ సంచి పట్టుకుని షాపుకెళ్దాం. నువ్వొక్కర్తివీ అయితే నోరు మూసుకుని ఊరుకుంటావు. నేనున్నాను కదా, నేను మాటాడతాను.”

ఆ ఆదరణే నూకరత్నాన్ని చంపుతోంది. సంధ్యారాణి ఎకసెక్కంగా ఒక్క మాటన్నా ఈపాటికి పెద్ద గొడవై, ఆ గొడవలో సంచి సంగతి కొట్టుకుపోయేది.

ఆ సంచి అసలు సంగతి నూకరత్నానికి తెలుసు. ఆవిడ మొగుడు పరదేశికీ తెలుసు. చెరుకు తోటకి పోతూ పోతూ గుమ్మంలో ఉన్న ఆ సంచిని చూసి రోజూ మీసాల్లో నవ్వుకుంటాడు. తెలియనిది సంధ్యారాణికే. ఆకుపచ్చ సంచి, దాని మీద తెల్ల హంస బొమ్మ. బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన ఏసీ షాపు వాళ్ళు తమ బియ్యాన్ని ఆ సంచుల్లోనే కట్టి అమ్ముతారు. కానీ నూకరత్నం సంచిలో ఉన్నవి ఆ షాపు బియ్యం కావు. నెలనెలా రేషన్ డిపోలో వేలిముద్ర వేసి తెచ్చుకునే కోటా బియ్యం.

మూడు నెలల కింద ఒక సాయంత్రం మరిది శివాజీ, అంటే సంధ్యారాణి మొగుడు, పనిచేసే మందుల కంపెనీ నుంచి ఇద్దరు ఆఫీసర్ల భార్యలు వచ్చారు. అరుగు మీద నూకరత్నం సంత నుంచి తెచ్చిన బీరకాయలు కుప్ప పోసి ఉన్నాయి. వాళ్ళలో ఒకావిడ వాటిని చూసి, ఇవెక్కడివండీ అంది. సంధ్యారాణి నవ్వుతూ నూకరత్నం భుజం నిమిరింది. “మా అక్కా వాళ్ళకి ఆ షాపులూ అవీ పట్టవండి. వడ్డాది సంతే వీళ్ళకి అలవాటు” అంది. ప్రేమగానే అంది. ఆ ‘వీళ్ళకి’ అన్న మాట మాత్రం నూకరత్నం గుండెల్లో చేపముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

నూకరత్నానికి తోడికోడలంటే అసూయ. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఇల్లు ఒకటే, మధ్యన గోడ లేపి రెండు చేసుకున్నారు. గోడకి ఒక తలుపు, తలుపుకి ఇటో గడియ, అటో గడియ. గోడకి అటు పక్క ఏసీ షాపు ఆటో ఆగితే వీధిలో వాళ్ళు ‘ఏం తెప్పించేరండీ?’ అంటారు. ఇటు పక్క నూకరత్నం సంత బుట్ట దింపితే ‘ఎంతకిచ్చేడే వంకాయలు?’ అంటారు. పన్నెండేళ్ళ కాపురంలో నూకరత్నాన్ని ఏం కొన్నావని అడిగినవాళ్ళు లేరు. ఎంతకి కొన్నావనే అందరూ అడిగారు.

అందుకే సంధ్యారాణి పెరట్లో పారేసిన ఖాళీ సంచిని తెచ్చుకుంది. ఉతికింది. డెలివరీ కోసం షాపువాళ్ళు నల్ల స్కెచ్ పెన్నుతో రాసిన పేరుని కొబ్బరినూనె గుడ్డతో రుద్ది రుద్ది తుడిచింది. కోటా బియ్యం అందులో పోసి, వీధిలోంచి చూస్తే కనబడేలా గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద పెట్టింది. “మేమూ అక్కడే కొంటన్నాం” అని చెప్పింది. ఆ రోజు సంధ్యారాణి ముఖంలో అర నిమిషం సేపు మెరుపు తగ్గడం ఆవిడ కళ్ళారా చూసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

“ఇంకా ఆలోచిస్తావేటక్కా?” సంధ్యారాణి గొంతు పెరిగింది. “మా చిన్నారి రోజూ రాత్రి నీ ఇంట్లోనే తింటన్నాది. అంటే రోజూ దాని కడుపులోకి ఇదే పోతన్నాది!”

ఆ పేరు వినగానే నూకరత్నం చేతిలో గుడ్డ ఆగింది.

చిన్నారికి ఏడేళ్ళు. సంధ్యారాణి కడుపున పుట్టింది గానీ సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసేది పెద్దమ్మ ఇంట్లోనే. పిల్లలు లేని నూకరత్నానికి ఆ గుంట ఒక్కటే రోజుకో పండగ. తోడికోడలికి ఏసీ షాపుంది, స్కూటీ ఉంది, ఫ్రిజ్ నిండా రంగురంగుల డబ్బాలున్నాయి. కానీ చిన్నారి ఆ ఇంట్లో ముద్ద ముట్టదు. “పెద్దమ్మ అన్నం” అంటుంది. కోటా బియ్యం గంటసేపు నానబెట్టి, ఎసరు దండిగా పెట్టి, సన్నని సెగ మీద ఉడికించి, గంజి వార్చి, మూత మీద బరువు పెట్టి మగ్గనిస్తుంది నూకరత్నం. నానబెట్టకుండా వండితే ఆ బియ్యం పలుకు పలుకుగా గొంతుకి అడ్డం పడతాయి. ఆ కిటుకు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అటు పక్క ఉన్నవన్నీ ఒక ఎత్తు, ఇటు పక్క చిన్నారి తినే నాలుగు ముద్దలు ఒక ఎత్తు.

ఇప్పుడు నిజం చెబితే ఆ నాలుగు ముద్దలూ పోతాయి. కోటా బియ్యం పెట్టిన ఇంటికి సంధ్యారాణి కూతుర్ని పంపుతుందా?

“బిల్లు లేదు సంధ్యా. పారేసేను.”

“బిల్లు లేకపోతే పోయింది, సంచుంది కదా!” అంటూ సంధ్యారాణి వీధి గదిలోకి నడిచింది. ముక్కాలి పీట మీద ఉన్న సంచిని తనే ఎత్తుకుంది.

*

స్కూటీ మీద ఇద్దరి మధ్యా ఆ సంచి కూర్చుంది. దారి పొడుగునా నూకరత్నం మనసులో ఏవేవో మొక్కులు మొక్కింది. షాపు మూసేసి ఉండాలని ఒకటి, కరెంటు పోవాలని ఒకటి. షాపు తెరిచే ఉంది. కరెంటూ ఉంది. అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపలి చల్లగాలి ముఖానికి తగిలింది.

నూకరత్నం చెప్పులు విప్పి, తలుపు పక్కన జాగ్రత్తగా జత చేసి పెట్టింది.

లోపలికి అడుగు పెట్టబోతున్న సంధ్యారాణి వెనక్కి తిరిగింది. “చెప్పులెందుకు విప్పేవక్కా?”

“మట్టైపోతాదని.”

“అందరూ చెప్పుల్తోనే వెళ్తారు కదా. నువ్వెప్పుడూ విప్పే వెళ్తావేటి?”

“అలవాటైపోయింది.”

సంధ్యారాణి ఆ జత వైపు ఒక్క క్షణం ఎక్కువే చూసింది. నూకరత్నం గబగబా లోపలికి నడిచింది. ఆ షాపులో ఆవిడ కాలు పెట్టడం అదే మొదలు. నేల అద్దంలా ఉంది, పాదాలకి చల్లగా తగిలింది. వంకాయల్ని కూడా వరసగా పేర్చి పైన చిన్న దీపాలు పెట్టారు. ముట్టుకుంటే ఎవరైనా ఏమైనా అంటారేమోనని చేతులు కొంగులో దాచుకుంది. తోపుడు బండ్లు తోసుకుంటూ ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగుతున్నారు. బేరం లేని చోట ఇంక మాటలేముంటాయి?

ఓనరు నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా. సంధ్యారాణిని చూసి లేచి నిలబడ్డాడు.

“రండి మేడం, ఏం కావాలండి?”

“ఏటీ వద్దు. మీరు అమ్మిన బియ్యం ఇవి. మా అక్క కొన్నాది. ఒక గిన్నెలో నీళ్ళు తెప్పించండి, ఏటవుతాదో మీరే సూద్దురు గాని.”

నీళ్ళొచ్చాయి. గింజలు తేలాయి. తోపుడు బండ్లు ఒక్కొక్కటే ఆగి చుట్టూ చేరాయి. ఎవరో ఫోను తీశారు. ఇంకెవరో “ప్లాస్టిక్కే” అన్నారు. ఓనరు ముఖంలో రంగు మారింది.

“మా దగ్గర అలాంటివి ఉండవండి. ప్యాకింగు మా సొంతం. క్రిస్టినా! ఒరే, ఆ అమ్మాయిని పిలవండ్రా.”

ఆ పేరు చెవిన పడేసరికి నూకరత్నం సంధ్యారాణి వెనక్కి జరిగింది. వెనక గది తలుపు తోసుకుని క్రిస్టినా వచ్చింది. తలకి కట్టుకున్న చున్నీ మీద బియ్యప్పిండి. కరుణమ్మ కూతురు. నెలనెలా డిపో దగ్గర కరుణమ్మ తన సంచి పక్కన నూకరత్నం సంచి కూడా వరసలో పెట్టి ఉంచుతుంది. అక్కడ మనిషి లేకపోయినా సంచి ఉంటే చాలు, వరస మనదే. తల్లికి ఒంట్లో బాగాలేని నెల ఈ క్రిస్టినాయే రెండు సంచులూ పెట్టి, “పిన్నీ, మనదే తర్వాత” అని కేకేసి పిలిచింది కూడా. ఈ షాపులో ఉద్యోగం దొరికిన రోజు కరుణమ్మ వీధంతా జిలేబీ పంచింది.

క్రిస్టినా గిన్నెలోకి చూసింది. తేలుతున్న గింజల్ని రెండు వేళ్ళతో తీసి నలిపింది.

“ఇవి ప్లాస్టిక్ కాదండి. బలం గింజలు. రక్తం పట్టడానికని పిండితో చేసి కలుపుతారు, డిపోలో బోర్డు మీద రాసుంటాది. ఇవి…” అని ఆగిపోయింది.

“ఇవి?” అన్నాడు ఓనరు.

“ఇవి కోటా బియ్యమండి.”

ఒక్కసారి గుసగుసలు లేచాయి. సంధ్యారాణి ఓనరు మీదికి తిరిగింది. “విన్నారు కదా! మీ మనిషే సెప్తన్నాది. కోటా బియ్యం తెచ్చి ఈ సంచుల్లో పోసి మాకు అమ్ముతన్నారా? మా అక్క నోరు లేనిదని ఇలా సేస్తారా?”

“ప్యాకింగు నువ్వే కదా చేసేది?” ఓనరు క్రిస్టినా మీద విరుచుకుపడ్డాడు. “ఎవరితో కలిసి చేస్తున్నావిది? మంచి బియ్యం ఎవరికి తరలిస్తున్నావు?”

“నేనెందుకు చేస్తానండి?”

“మరి సంచి మనదే కదా! చూడు!”

క్రిస్టినా సంచి అందుకుని అటూ ఇటూ తిప్పింది. అడుగున ఓ మూల ఆ పిల్ల చూపు ఆగిపోయింది. అక్కడ కొబ్బరినూనెకి లొంగకుండా మిగిలిన నల్ల గీతలు ఉన్నాయి. డెలివరీ సంచుల మీద పేర్లు రాసేది క్రిస్టినాయే. తన చేత్తో రాసిన ‘రాణి’ తనకి తెలియకుండా ఉంటుందా? ఆ సంచి ఎవరింటికి వెళ్ళిందో, అందులోకి ఏ బియ్యం ఎలా వచ్చాయో ఆ పిల్లకి ఒక్క లిప్తలో అర్థమైపోయింది. తలెత్తి నూకరత్నం వైపు చూసింది.

నూకరత్నం చూపు తిప్పుకోలేకపోయింది.

క్రిస్టినా బొటనవేలు నెమ్మదిగా జరిగి ఆ నల్ల గీతల్ని కప్పేసింది. తర్వాత చాలా మర్యాదగా, ఎవరో తెలియని మనిషిని అడిగినట్టు అడిగింది.

“మేడం, ఇవి మీరు ఎప్పుడు కొన్నారండి?”

మేడం! ఈ మూడు నెలల్లో ఆ పిలుపు కోసం నూకరత్నం ఎంత తాపత్రయపడిందో ఆవిడకే తెలుసు. సంధ్యారాణిని అందరూ పిలిచే పిలుపు. అది వచ్చింది. పిన్నీ అని పిలిచే పిల్ల నోటి నుంచే వచ్చింది.

“సెప్పక్కా, భయపడకు,” సంధ్యారాణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. “నేనున్నాను.”

“లెక్క చూసుకుని రేపట్నించి రావడం మానెయ్,” ఓనరు క్రిస్టినాతో అంటున్నాడు. “ఇలాంటి వాళ్ళని పెట్టుకుంటే షాపు మూసుకోవాలి.”

క్రిస్టినా కళ్ళు నిండాయి గానీ బొటనవేలు కదలలేదు. నిజం చెప్పి తనని తాను కాపాడుకోవడం ఆ పిల్లకి ఒక్క మాట పని.

నూకరత్నం కళ్ళ ముందు చిన్నారి కనబడింది. కంచం ముందు బాసిపట్లు వేసుకుని కూర్చుని, “పెద్దమ్మా, అడుగున అంటిన అన్నం నాకే” అంటున్న చిన్నారి. ఊరుకుంటే చిన్నారి తనకి మిగులుతుంది. ఊరుకుంటే సరిపోతుంది. ఒక్క మాట కూడా అబద్ధం ఆడక్కర్లేదు.

“ఆ గుంటనేటీ అనకండి,” అంది నూకరత్నం. “సంచి మీదే. బియ్యం మావి. డిపో బియ్యం. నానే పోసేను.”

షాపంతా ఏసీ మోత వినబడింది.

“అదేటక్కా?” సంధ్యారాణి నవ్వబోయింది. “దాన్ని కాపాడ్డానికి అలా సెప్తన్నావా?”

“కాదు సంధ్యా. నువ్వు పెరట్లో పారేసిన సంచే ఇది. సూసుకో, నీ పేరింకా ఉంది.”

క్రిస్టినా బొటనవేలు తీసింది. సంధ్యారాణి ఒంగి ఆ గీతల్ని చూసింది. నిలువుగా లేచి, నూకరత్నం ముఖంలోకి చూసింది. ఆవిడ పాదాల వైపు చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

“మీ ఇంటి గొడవలు మీ ఇంట్లో పెట్టుకోండమ్మా,” అన్నాడు ఓనరు. “నువ్వు లోపలికెళ్ళు క్రిస్టినా, ప్యాకింగు ఆగిపోయింది.” ఆ పిల్లకి క్షమాపణ చెప్పాలని ఆయనకి తోచలేదు. బండ్లు కదిలిపోయాయి. నూకరత్నం బయటకి వచ్చి చెప్పులు వేసుకునేసరికి స్కూటీ లేదు.

*

హంస బొమ్మ సంచి చంకన పెట్టుకుని నడిచే వచ్చింది నూకరత్నం. వీధి మొగలో రాజ్యం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. సంచి చూసి కళ్ళు పెద్దవి చేసింది.

“ఏటి నూకరత్నమ్మా, ఏసీ షాపు నుంచేనా? ఏం తెచ్చేరు?”

ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట. “ఏటీ లేదు” అని నూకరత్నం తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అటు పక్క ఏ చప్పుడూ లేదు. చుట్టాలు వచ్చిన అలికిడీ లేదు. పరదేశి భోజనానికి వచ్చి, పీట మీద కాకుండా నేల మీద ఉన్న సంచిని చూసి, పెళ్ళాం ముఖం చూసి, విషయం సగం గ్రహించాడు.

“తినే తిండికి సిగ్గేటే? మనం పండించినోళ్ళమే కదా.”

“నీకు తెలీదు, ఊరుకో.”

“నాకు తెలీదులే. సిగ్గు నీది, సంచి దానిది,” అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ మనిషితో తగువు పెట్టుకోడానికి కూడా వీలుండదు.

సాయంత్రం బడి ఆటో ఆగింది. చిన్నారి గొంతు వినబడింది. పుస్తకాల సంచి ఇటు పక్క పడలేదు. “పెద్దమ్మ దగ్గరికి…” అని ఏదో సగం వినబడి ఆగిపోయింది. అలవాటు మాత్రం ఆగలేదు. నూకరత్నం చిన్నారి వంతు బియ్యం కూడా కలిపి నానబోసింది.

ఆరు గంటలకి గోడ తలుపు తెరుచుకుంది. చిన్నారేమోనని నూకరత్నం గిరుక్కున తిరిగింది. వచ్చింది సంధ్యారాణి. చేతిలో ఖాళీ గిన్నె.

సంధ్యారాణి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఇయ్యాల చుట్టాలెవరూ రాలేదక్కా,” అంది. “వస్తామని ఎవరూ అనలేదు కూడా.”

“మరి?”

“ఆ షాపులో ఎన్ని రకాల బియ్యాలున్నాయో అన్నీ కొన్నాను. ఒకటి సన్నం, ఒకటి పాతవి, ఒకటి పొడుగు. ఏది వండినా చిన్నారి రెండు ముద్దలు తిని ఒగ్గేస్తాది. ‘పెద్దమ్మ అన్నం బాగుంటాది’ అంటాది. కన్నతల్లిని నేను. రోజూ ఆ మాట వింటే ఎలాగుంటాదో నీకు తెలుసా? నువ్వూ అక్కడే కొంటన్నావని సెప్పేవు కదా, ఏ రకమో తెలీలేదు. సంచుల మీద అన్నిటికీ ఒకటే బొమ్మ. అందుకని నీ బియ్యం పట్టుకెళ్ళి వండి సూద్దామని…” ఆగింది. “నీ దగ్గర దొంగతనం సేసినట్టే సేసేను.”

పన్నెండేళ్ళలో సంధ్యారాణి తనని చూసి అసూయ పడుతుందన్న ఆలోచనే నూకరత్నానికి రాలేదు. వచ్చుంటే ఆ సంచి జోలికే పోయేది కాదు. లోలోపల, ఈ ఘడియలో కూడా, ఓ మూల తియ్యగా అనిపించింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“కోటా బియ్యమని దాని ముందు అనకక్కా. నాకు సిగ్గు లేదు గానీ మా ఆయన ఒప్పుకోరు.” సంధ్యారాణి గిన్నె ముందుకి చాచింది. “ఒక తవ్వ పెట్టు. ఎలా వండుతావో సెప్పు. ఇంక అది మా ఇంట్లోనే తింటాది.”

మా ఇంట్లోనే తింటాది. అంతవరకూ కరుగుతూ వచ్చిన నూకరత్నం మనసు ఆ మాట దగ్గర గడ్డకట్టింది.

తవ్వతో బియ్యం కొలిచి గిన్నెలో పోసింది.

“ఎంతసేపు నానాలక్కా?”

పొయ్యి పక్కనే మూతపెట్టిన గిన్నెలో తన బియ్యం నానుతున్నాయి. నూకరత్నం ఆ గిన్నెకి అడ్డంగా జరిగి నిలబడింది.

“నానబెట్టక్కర్లేదు. కడిగి కుక్కర్లో పడెయ్.”

“నీళ్ళు?”

“ఒకటికి ఒకటిన్నర. మూడు విజిల్స్.”

“అంతేనా?” అంది సంధ్యారాణి నమ్మలేనట్టు. “ఇంతేనా ఇన్నాళ్ళూ! ఇదైనా నిజమే కదక్కా?”

“నిజమే.”

సంధ్యారాణి తలూపి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. ఇల్లు రెండు చేసుకున్నాక మొదటిసారిగా అటు పక్క గడియ పడిన చప్పుడు వినబడింది. నూకరత్నం లేచి వెళ్ళి ఇటు పక్క గడియ కూడా వేసింది.

కుక్కర్ మొదటి విజిల్ వేసింది. రెండోది. మూడోది. తన పొయ్యి మీద గంజి వార్చి, గిన్నె మూత మీద రుబ్బురాయి పొత్రం పెట్టింది నూకరత్నం. తర్వాత చేసేదేమీ లేక గోడకి ఆనుకుని కూర్చుంది. గెలిచినట్టే ఉంది. ఇంకో పది నిమిషాలు. చిన్నారి ‘నాకొద్దు, పెద్దమ్మ అన్నం కావాలి’ అంటుంది. ఆ గడియ దానంతటదే తెరుచుకుంటుంది.

అటు పక్క కంచం చప్పుడైంది.

“పలుకుగా ఉందమ్మా,” అంది చిన్నారి. “ఇది పెద్దమ్మ అన్నం కాదు.”

కేకా లేదు, దెబ్బా లేదు. కాసేపటికి ఏడుపు వినబడింది. చిన్నారి ఏడుపు కాదు. నూకరత్నం చెవి గోడకి ఆనించింది. సంధ్యారాణి ఏడుస్తోంది, పిల్ల ముందు దాచుకోవడం కూడా చేతకాక.

“ఏడవకమ్మా,” అంటోంది చిన్నారి. “తింటాను. సూడు, తింటన్నాను కదా. బాగుందమ్మా.”

నూకరత్నం ఎప్పుడు లేచిందో తెలియదు. ఇటు పక్క గడియ తీసింది. చేతిలో వేడి అన్నం గిన్నె. తలుపు తోసింది, అది రాలేదు.

“సంధ్యా! సంధ్యా, తియ్యవే. నాను అబద్ధం సెప్పేను. గంటసేపు నానబెట్టాలి. గంజి వార్చాలి. దానికి ఆ పలుకులు పెట్టకు, గొంతుకి అడ్డం పడతాయి. నా మాటిను.”

అవతల ఏడుపు ఆగింది. గిన్నె వేడికి వేళ్ళు చురచురమంటున్నా నూకరత్నం దింపలేదు.

“ఎవరమ్మా, పెద్దమ్మేనా?” అంది చిన్నారి.

“నువ్వు తిను,” అంది సంధ్యారాణి.